ఆడపడుచు వాటా, విడుదల పత్రము

కవరైపేట్టై మీదుగా చెన్నపట్టణమునుండి ఉత్తరముగా సాగు రాజమార్గమున కొంతదూరము పోగానే ఆంధ్రదేశపు టెల్ల వచ్చును. ఆ యెల్లకు ఈవల నావల నున్న తెలుగు కుటుంబములు తరతరములుగా పిల్లనిచ్చి పుచ్చుకొనుచు బంధువులై మెలగుచున్నను, పుట్టింటి యాస్తిలో ఆడపిల్లకు గల హక్కు విషయమున మాత్రము చిరకాలము రెండు న్యాయములకు లోబడియుండవలసి వచ్చినది.

1956 నాటి హిందూ వారసత్వ చట్టము తండ్రి స్వార్జితమున కుమార్తెకు సమభాగ మొసంగెను గాని, మితాక్షర సంప్రదాయపు ఉమ్మడి యాస్తిలో పుట్టుకతో సంక్రమించు హక్కును కుమారులకే మిగిల్చెను. కుమార్తెలకు ఆ హక్కును సమానముగా నిచ్చిన తొలి రాష్ట్రము ఆంధ్రప్రదేశ్. అచ్చట నది 1985 సెప్టెంబరు 5 నుండియు, తమిళనాట 1989 మార్చి 25 నుండియు అమలులోనికి వచ్చినది. రెండు చట్టములును అప్పటికే వివాహితలైన వారిని వెలుపలనే యుంచినవి. కావున 1987లో పెండ్లియైన యువతి ఎల్లకావలి సూళ్లూరుపేట కుటుంబపు బిడ్డయైనచో హక్కుగలది, కవరైపేట్టై కుటుంబపు బిడ్డయైనచో లేనిది! 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకా చిత్తూరు జిల్లానుండి మద్రాసు రాష్ట్రమునకు మారకుండినచో, అచ్చటి ఆడపడుచులకు మూడున్నరేండ్లు ముందుగానే ఈ హక్కు లభించియుండెడిది.

2005 సెప్టెంబరు 9 నాటి కేంద్ర సవరణ ఈ భేదమును తుడిచివేసినది. అయినను ఆనాటికి తండ్రి జీవించియుండవలెనని 2015లో సుప్రీంకోర్టు ప్రకాశ్, ఫూలవతి వ్యాజ్యమున పలికినందున ఎందఱో తండ్రిలేని బిడ్డలు మరల నిరాశ పాలైరి. 2020 ఆగస్టు 11న వినీతా శర్మ వ్యాజ్యమున ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనము ఆ నిర్ణయమును త్రోసిపుచ్చి, హక్కు పుట్టుకవలననే కలుగును గావున తండ్రి బ్రతికియుండ నక్కఱలేదనియు, నోటిమాట పంపకములను సామాన్యముగా నమ్మరాదనియు తేల్చిచెప్పినది. 2004 డిసెంబరు 20కి ముందు సక్రమముగా జరిగిన క్రయములకు, పంపకములకు మాత్రము భంగము లేదు.

ఢిల్లీలో నెగ్గిన యీ హక్కు సబ్ రిజిస్ట్రారు కార్యాలయమున ఓడిపోవుచున్నది. గుమ్మిడిపూండి పారిశ్రామిక వాడవలనను, రాజమార్గమువలనను ఇచ్చటి పొలముల వెల పెరిగినకొలది, తండ్రి పోయిన యింటి ఆడపడుచులచేత తమ వాటాను అన్నదమ్ములకు వదలుకొను విడుదల పత్రముపై సంతకము చేయించుకొను తొందరయు పెరుగుచున్నది. పసుపు కుంకుమల క్రింద ఒక చీరయో కొంత రొక్కమో చేతిలో పెట్టి, కాదన్నచో పుట్టింటి గడప తొక్కవలదన్న భావమును మాటలాడకయే తెలుపుదురు. అట్టి భయమున చేసిన సంతకమును స్వేచ్ఛాసమ్మతి యనుట నా మనస్సున కెంతమాత్రము ఒప్పదు. కట్నమిచ్చితిమి గదా యందురు. 1961లోనే నిషిద్ధమైన కట్నము అత్తవారింటికి చేరెనే గాని ఆమె పేర పట్టాయై నిలువలేదు. ముసలి తల్లిదండ్రుల భారము మాదే యందురు. 2007 నాటి చట్టము ఆ బాధ్యతను కుమార్తెపైనను సమముగా నుంచినది.

రిజిస్ట్రారులు ఆడపడుచును అన్నదమ్ముల ఎదుట గాక వేఱుగా కూర్చుండబెట్టి, ఆమె వాటా యెంతయో, దేనిని వదలుకొనుచున్నదో ఆమెకు తెలిసిన భాషలో చదివి వినిపింపవలెను. అక్కలారా, చెల్లెండ్లారా, అంతవఱకు మీరే ఆ పత్రమును నమ్మకస్థులచేత చదివించుకొనుడు. మనసొప్పనిచో సంతకము చేయకుడు.