గుర్రం వెనక మనిషి

ఒంగోలు గిత్త మాటెత్తితే మా గుంటూరు సీమలో అందరూ పండితులే! గుర్రమంటే మాత్రం నాకు జట్కాబండే జ్ఞాపకం వస్తుంది. అయినా పత్తీ, మిరపా పండే నల్లరేగడి దాటి ఎర్రనేలలకి పోతే కనిపించే ఉలవలకీ, దండు గుర్రాలకీ పాత చుట్టరికం ఉంది. ఇంగ్లీషువాడు వాటికి గుర్రపు గింజలనే పేరు పెట్టాడు.

వెనకటి మద్రాసు అశ్వదళాల్లో సవారీ చేసేవాడు ఒకడు. గుర్రానికి మాలీసు చేసి, ఉలవలు ఉడికించి పెట్టే సాయీసు మరొకడు. ఎండలో కూర్చుని గరికను వేళ్లతో సహా తవ్వి, మట్టి దులిపి, మోపు కట్టి తెచ్చేవాడు ఇంకొకడు. గుర్రం కుంటితే తిట్లు వీళ్లకి; గెలిస్తే కీర్తి సవారుకి!

1914-18 యుద్ధం ముగిశాక బ్రిటిషు ప్రభుత్వం పతకాలు పంచింది. సిపాయికి వెండిది. దండు వెంట చాకిరీ చేసినవాళ్లలో చాలామందికి కంచుది. బొమ్మ ఒకటే, లోహం వేరు. ఫిరంగి గుండుకి మాత్రం ఈ తారతమ్యం తెలియదు కదా!

అందుకే నాదొక మనవి. మీ ఇంట పాతపెట్టెలో ముత్తాతగారి పతకం ఉంటే ఒకసారి తీసి చూడండి. కంచుదైతే చిన్నబుచ్చుకోకండి, మరింత భద్రంగా దాచండి.