ముప్పై రోజులంటే నాలుగు ఆదివారాలు

మన పేటల్లో సేవాసంఘాలకు కొదవ లేదు. రంజాన్ వస్తే తోఫాలు, ఇఫ్తార్ విందులు, బక్రీదుకు మాంసం పంపిణీ, వేసవిలో చలివేంద్రాలు, బడులు తెరిచేనాటికి నోటు పుస్తకాలు, చలికాలంలో దుప్పట్లు. ఇవన్నీ పుణ్యకార్యాలే. పేదవాని గడప తొక్కే ఏ సాయాన్నీ మేము తక్కువ చేసి మాట్లాడబోము. అయితే ఏడాదిలో అయిదారు రోజులు కళకళలాడి, మిగిలిన రోజులన్నీ తాళం పడి ఉండే సంఘం మన కుటుంబాల అసలు కష్టాన్ని ముట్టుకోగలదా అన్నదే మా ప్రశ్న. దుప్పటి ఒక చలికాలాన్ని దాటిస్తుంది. సమయానికి చేతికందని ధ్రువీకరణ పత్రం ఒక ఆడపిల్ల చదువునే ఆపివేస్తుంది. మొదటి దానికి దాత ఉంటే చాలు. రెండవ దానికి వారం వారం వెంటపడి అడిగే మనిషి కావాలి.

కర్నూలు పాతపట్టణంలో ప్రతి ఆదివారం ఉదయం ఒక గంటసేపు కూర్చునే చిన్న సేవాసంఘానికి చెందినవారం మేము. మాలో విశ్రాంత ఉద్యోగులున్నారు, చిల్లర వ్యాపారులున్నారు, డిగ్రీ చదివే పిల్లలున్నారు, కుట్టుపని చేసుకునే తల్లులున్నారు. "ప్రతి వారమూ కూర్చుని ఏం చేస్తారు సాబ్, నెలకొకసారి చాలదా?" అని మమ్మల్ని అడగనివారు లేరు. చాలదు. ఎందుకు చాలదో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

చట్టం మనకిచ్చే ప్రతి హక్కుకూ ఒక గడువు ఉంటుంది. ఆ గడువులు రోజుల లెక్కన నడుస్తాయి. జనన మరణాల నమోదు చట్టం (1969) ప్రకారం బిడ్డ పుట్టిన 21 రోజుల్లోగా ఆ సమాచారం రిజిస్ట్రారుకు చేరాలి. అది దాటితే ఆలస్య రుసుము, 30 రోజులు దాటితే పై అధికారి అనుమతి, ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు. మొదటి వారాల్లో రుసుము లేకుండా అయ్యే పని ఏడాది గడిచేసరికి కూలి పోగొట్టుకుని తిరిగే పనిగా మారుతుంది. ఈ చట్టానికి వచ్చిన సవరణ 2023 అక్టోబరు 1 నుంచి అమలులో ఉంది. ఆ తేదీన గానీ, ఆ తరువాత గానీ పుట్టిన బిడ్డకు బడిలో చేరికకు, ఓటరు నమోదుకు, డ్రైవింగు లైసెన్సుకు, వివాహ నమోదుకు, ప్రభుత్వోద్యోగానికి పుట్టిన తేదీని రుజువు చేసేది జనన ధ్రువపత్రమే. అకీకా చేసి బిడ్డకు ముచ్చటగా పేరు పెట్టుకుంటాం. ఆ పేరు రిజిస్టరులోకి ఎక్కించడం మరచిపోతాం. పేరు లేకుండా నమోదైన బిడ్డకు 12 నెలల్లోగా రుసుము లేకుండా పేరు చేర్పించవచ్చునన్న సంగతి ఎన్ని ఇళ్లలో తెలుసు?

సమాచార హక్కు చట్టం (2005) చూడండి. దరఖాస్తుకు 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా మరో 30 రోజుల్లోగా మొదటి అప్పీలు వేసుకోవాలి. అక్కడా న్యాయం జరగకపోతే రెండవ అప్పీలుకు 90 రోజులు. నెలకొకసారి కలిసే సంఘానికి ఈ లెక్క ఎప్పుడూ తప్పుతుంది. ఒక సమావేశం వాయిదా పడితే అప్పీలు గడువే పోతుంది. వారానికొకసారి కలిసేవారికి లెక్క సులభం: 21 రోజులంటే మూడు ఆదివారాలు, 30 రోజులంటే నాలుగు ఆదివారాలు. అయిదవ ఆదివారం నాటికి జవాబు లేదంటే అప్పీలు కాగితం ఆనాడే రాయాలి.

ఆదివారాన్ని ఎంచుకోవడానికి ఇంకొక కారణమూ ఉంది. మన రాష్ట్రంలో సోమవారం కలెక్టరేటులో ప్రజా సమస్యల పరిష్కార వేదిక జరుగుతుంది. తెలంగాణలో దానినే ప్రజావాణి అంటారు. ఆదివారం కూర్చుని అర్జీ రాసి, జిరాక్సులు జతచేసి, వెంట ఎవరు వెళ్లాలో తేల్చుకుంటే సోమవారం ఉదయానికి అర్జీదారు చేతిలో కాగితం సిద్ధంగా ఉంటుంది. కష్టాన్ని నోటితో చెప్పుకుని తిరిగివచ్చేవారికి ఓదార్పు దొరుకుతుంది. కాగితం ఇచ్చి రసీదు తెచ్చుకున్నవారికి మరునాడు అడిగే అధికారం దొరుకుతుంది.

మాలో కొందరం జీవితమంతా గుమాస్తాగిరీ చేసినవారం. మద్రాసు ప్రెసిడెన్సీ నాటి టాటెన్‌హామ్ పద్ధతిలో ప్రతి గుమాస్తాకూ ఒక పర్సనల్ రిజిస్టరు ఉండేది. వచ్చిన ప్రతి కాగితమూ అందులోకి ఎక్కాలి, దానిపై ఏ తేదీన ఏం చేశామో ఎదురుగా రాయాలి, పెండింగు ఉన్నవి పై అధికారికి చూపాలి. ఆ రిజిస్టరు ముందుండగా 'కాగితం కనబడలేదు' అని తప్పించుకోవడం కష్టం. ఆ పద్ధతినే మేము సంఘంలోకి తెచ్చుకున్నాం. అర్జీదారు పేరు, విషయం, కార్యాలయం, దరఖాస్తు సంఖ్య, ఇచ్చిన తేదీ, మళ్లీ అడగవలసిన తేదీ, బాధ్యత తీసుకున్న సభ్యుని పేరు: ఇంతే మా రిజిస్టరు. సమావేశం మొదలు కాగానే గతవారం పెండింగులు చదువుతాం. తరువాత కొత్త అర్జీలు. ఆపైన జమాఖర్చుల లెక్క. చివరి పది నిమిషాలు ఒక నిబంధనను అందరికీ అర్థమయ్యేలా వివరించుకుంటాం. ఉపన్యాసాలు లేవు, శాలువాలు లేవు.

ఆ పది నిమిషాల విలువ మన సమాజానికి మరీ ఎక్కువ. ముస్లింలలో వెనుకబడిన 14 వర్గాలకు 2007 చట్టం ద్వారా బీసీ-ఈ కింద 4 శాతం రిజర్వేషన్ లభించింది. 2010 మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు వలన అది కొనసాగుతున్నది. సయ్యద్, పఠాన్, మొఘల్ మొదలైన వర్గాలు అందులోకి రావు. దూదేకులవారు బీసీ-బిలో, మెహతర్లు బీసీ-ఏలో ఉన్నారు. రిజర్వేషన్ పరిధిలో లేని పేద కుటుంబాలకు, ఏడాది ఆదాయం 8 లక్షల రూపాయలలోపు ఉండి మిగతా షరతులకు సరిపోతే, ఈడబ్ల్యూఎస్ మార్గం ఉంది. ఏ కుటుంబం ఏ పత్రానికి దరఖాస్తు చేయాలో తెలియక ఒక దానికి బదులు మరొకటి పెట్టి, అది తిరస్కరణకు గురయ్యేసరికి కౌన్సెలింగు తేదీ దాటిపోయిన పిల్లలు ఎందరో! కేంద్ర ప్రీమెట్రిక్ ఉపకారవేతనం 2022 నుంచి 9, 10 తరగతులకే పరిమితమైంది. అది తెలియని తల్లులు చిన్న తరగతుల పిల్లల కోసం ఇంకా ఆరా తీస్తూనే ఉన్నారు.

ఇక పేర్ల గొడవ మనవాళ్లందరి ఇంటి గొడవ. ఆధార్‌లో 'షేక్' అని పూర్తిగా, ఎస్సెస్సీ మెమోలో 'ఎస్‌కె' అని పొడి అక్షరాలు, రేషన్ కార్డులో అసలు ఇంటిపేరే లేకుండా ఉంటుంది. ఒకచోట 'మహమ్మద్', ఒకచోట 'మొహమ్మద్', మరొకచోట 'ఎండి'. తల్లి పేరులో 'బీ', 'బేగం', 'బీబీ' ఒకదాని చోట ఒకటి వచ్చి కూర్చుంటాయి. రాసినవాడు తన చెవికి వినిపించినట్టు రాశాడు, మనం చదవకుండా సంతకం పెట్టాం. ఆ మనిషి ఒక్కరే అయినా కంప్యూటరు ముగ్గురని లెక్క వేస్తుంది. వితంతు పింఛను, బ్యాంకు ఖాతా, పాస్‌పోర్టు అన్నీ అక్కడే ఆగుతాయి. ఓటరు జాబితా సంగతి మరీ సున్నితం. పేరు లేకుంటే ఫారం 6, తప్పున్నా ఇల్లు మారినా ఫారం 8. మన పేరు తొలగించమని మరెవరో ఫారం 7 ఇస్తే వచ్చే నోటీసును చదివేవారు ఇంట్లో ఉండాలి, లేదా చదివి చెప్పే సంఘం పేటలో ఉండాలి. ఈ సరిదిద్దే పనులన్నీ ఒక్కొక్కటి నెలల తరబడి సాగేవి. శిబిరం పెట్టి ఒక్క రోజులో ముగించగలిగినవి కావు.

ఈ నగరానికి కాగితం విలువ వరద నేర్పింది. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ పొంగి పాతపట్టణాన్ని ముంచెత్తాయి. తరువాత ఎక్కడెక్కడి నుంచో లారీల్లో బియ్యం, బట్టలు వచ్చాయి. పంచిన చేతులకు మతం లేదు, అందుకున్న చేతులకూ మతం లేదు. కొన్ని వారాలకు లారీలు ఆగిపోయాయి. బురదలో కలిసిపోయిన సర్టిఫికెట్లకు, దస్తావేజులకు నకళ్లు తెచ్చుకునే పని మాత్రం ఆ తరువాతా సాగుతూ వచ్చింది. నిన్నగాక మొన్న మళ్లీ అదే పాఠం ఎదురైంది. 2025 జూన్ 6న మొదలైన ఉమీద్ పోర్టల్‌లో వక్ఫ్ ఆస్తుల వివరాలను ఆరు నెలల్లో ఎక్కించాలన్నారు. ఆ చట్టం మీద మనకున్న అభ్యంతరాలు వేరు, వాటిపై పోరాటం వేరు. తాతల నాటి ఖబరస్తాన్‌కు సర్వే నంబరు ఎంత, గెజిట్ నకలు ఎవరి ఇంట్లో ఉంది అని గడువు ముంచుకొచ్చాక వెదుక్కోవలసి రావడం వేరు. వారానికొక కాగితం చొప్పున సర్దుకుంటూ వచ్చిన కమిటీకి ఆ హడావిడి ఉండదు.

"ఇదంతా ప్రభుత్వం చేయవలసిన పని కదా, మీరెందుకు మోస్తున్నారు?" అని కొందరు మిత్రులు నిలదీస్తారు. న్యాయమైన ప్రశ్నే. ప్రభుత్వం చేయవలసిన పనిని ప్రభుత్వం చేత చేయించడమే మా ఉద్దేశం. అందుకు ఆధారం కావాలి. ఒక తల్లి పింఛను ఆగితే అది ఒక ఇంటి కష్టం. అదే వీధిలో అయిదిళ్ల పింఛన్లు ఒకే కారణంతో ఆగినట్టు రిజిస్టరులో కనబడితే అది హక్కుల సమస్య. అప్పుడు అయిదు విడి అర్జీలకు బదులు దరఖాస్తు సంఖ్యలతో, తేదీలతో ఒక సామూహిక వినతిపత్రం వెళ్తుంది. ముస్లింల అక్షరాస్యత 59.1 శాతమే ఉందని, దేశ సగటు 65.1 శాతమని 2006లో సచార్ కమిటీ లెక్క తీసి చూపేదాకా మన వెనుకబాటును చాలామంది మన సణుగుడుగానే తీసుకున్నారు. లెక్క పెద్దదయినా చిన్నదయినా దాని బలం ఒకటే. పేట స్థాయిలో ఆ లెక్క రాయగలిగేది పేటవాళ్లే.

వారం వారం కలవడం మనకు కొత్త సంగతి కాదు. జుమా మనకు ఆ క్రమశిక్షణను ఏనాడో నేర్పింది. 'షూరా' పేరుతో దివ్య ఖుర్ఆన్‌లో ఒక సూరానే ఉంది. ప్రవక్త (స) తమ యౌవనంలో, దైవదౌత్యానికి ముందే, మక్కాలో పాలుపంచుకున్న 'హిల్ఫుల్ ఫుజూల్' ఒప్పందాన్ని గుర్తు చేసుకోండి. సరుకు ఇచ్చి సొమ్ము రాక మోసపోయిన ఒక పరదేశి వర్తకుని పక్షాన నిలబడటానికి కొందరు ఒకచోట కూడి మాట ఇచ్చుకున్నారు. బాధితుడు ఏ తెగవాడన్నది అక్కడ ప్రశ్న కాలేదు. 1905లో షికాగోలో పుట్టిన రోటరీ క్లబ్బుకు ఆ పేరు రావడానికి కారణం, తొలి సభ్యులు వంతులవారీగా ఒకరి కార్యాలయంలో ఒకరు సమావేశం కావడమే. వారం తప్పకుండా కలిసే అలవాటుతో ఆ సంస్థ దేశదేశాలకు పాకింది. మంచి పద్ధతి ఎక్కడ ఉన్నా తీసుకోవడానికి మనకు సంకోచం ఉండకూడదు.

ఇటువంటి సంఘం పెట్టదలచిన ఊళ్లకు మా అనుభవంతో కొన్ని మాటలు. స్త్రీలు రాగలిగిన చోట, రాగలిగిన వేళ కూర్చోండి. రేషన్, పింఛను, పిల్లల బడి సంగతులు ముందుగా తెలిసేది వారికే. వారు లేని సమావేశం సగం వార్తలతోనే నడుస్తుంది. జకాత్ సొమ్ముకూ సాధారణ చందాలకూ వేర్వేరు పుస్తకాలు పెట్టండి. జకాత్‌కు హక్కుదారులు నిర్ణయమై ఉన్నారు. జిరాక్సులకు, ఆటో ఖర్చులకు సభ్యుల చందాయే వాడండి. సంఘం తలుపు అన్ని మతాల ఇరుగుపొరుగుకూ తెరిచి ఉంచండి. ఏ పార్టీ జెండానూ గది లోపలికి రానివ్వకండి. అర్జీదారు నుంచి టీ కూడా తీసుకోవద్దు, ఎందుకంటే దళారీతనం టీతోనే మొదలవుతుంది. అన్నిటికంటే ముఖ్యం, రెండవసారి వచ్చినవారి చేత అర్జీని వారే రాసుకునేలా చేయండి. ఇంటర్ చదివే కూతురు తన తల్లి పింఛను అర్జీని స్వయంగా రాసిననాడు మా రిజిస్టరులో ఒక వరుస తగ్గుతుంది, పేటలో ఒక కార్యకర్త పెరుగుతుంది.

ప్రతి మసీదు కమిటీ, ప్రతి యువజన సంఘం వారానికి ఒక్క గంట కేటాయించుకోవాలని మా కోరిక. ఖర్చు ఎక్కువేమీ లేదు: ఒక గది, నాలుగు కుర్చీలు, రెండు వందల పేజీల రిజిస్టరు. సన్మానాలకూ ఫ్లెక్సీలకూ పెట్టే సొమ్ములో పదోవంతు చాలు. గడువులు మన కోసం ఆగవు, పండుగ వచ్చిందని నిలబడవు. వాటితో సమానంగా నడవాలంటే మనకూ వారాలు తప్పని నడక కావాలి. వచ్చే ఆదివారమే మొదలుపెట్టండి. మొదటి పేజీలో తేదీ వేసి, మీ వీధిలో ఆగిపోయిన ఒక్క కాగితం వివరం రాయండి. అల్లాహ్ తలిస్తే అయిదవ ఆదివారానికి దాని ఎదురుగా రాయడానికి ఒక జవాబు గానీ, వేయడానికి ఒక అప్పీలు గానీ మీ చేతిలో ఉంటుంది.