చార్జరు పెట్టారు, నీడ ఏది?

మే నెల వచ్చిందంటే సూరత్‌లోని లింబాయత్, ఉధ్నా వీధుల్లో ఊరి ప్రయాణాల హడావిడి మొదలవుతుంది. మరమగ్గాల పని వెతుక్కుంటూ వరంగల్, కరీంనగర్, నల్లగొండ ప్రాంతాల నుంచి వెళ్లి అక్కడే స్థిరపడిన పద్మశాలీ కుటుంబాలెన్నో. నగరపాలక సంస్థ బడుల్లో గుజరాతీ, మరాఠీ, ఒడియాతో పాటు తెలుగు మాధ్యమానికీ చోటుందంటే మనవాళ్లు ఎంతమంది ఉన్నారో ఊహించుకోవచ్చు. సెలవులివ్వగానే పిల్లలతో పెళ్లిళ్లకు, అమ్మమ్మగారింటికి బయల్దేరతారు. ఎక్కువమందికి రైలే దిక్కు. కారులో వెళ్లేవాళ్లూ ఉన్నారు, ఆ కార్లలో ఇప్పుడిప్పుడే బ్యాటరీ కార్లూ చేరుతున్నాయి. హజీరా దగ్గర మొదలయ్యే 53వ జాతీయ రహదారి సూరత్ మీదుగా ధూలే, జల్గావ్, అకోలా దాటి నాగపూర్ వైపు సాగుతుంది. అక్కడి నుంచి చంద్రపూర్ మీదుగా తెలంగాణలోకి దిగాలి. మే నెలలో దేశంలోకెల్లా తీవ్రంగా ఎండలు కాసే నేలల్లో ఇదొకటి.

బ్యాటరీ కారు కొనబోయేవాళ్లంతా అడిగే మొదటి మాట, ఒకసారి చార్జి చేస్తే ఎన్ని కిలోమీటర్లు వస్తుందని. ఎండ ఆ లెక్కను కొంత తగ్గిస్తుంది. అమెరికా వాహనదారుల సంఘం ఏఏఏ 2019లో ఐదు కార్లను పరీక్షిస్తే, 35 డిగ్రీల వేడిలో ఏసీ వేసుకుని నడిపినప్పుడు దూరం సగటున 17 శాతం తగ్గింది. ఏసీ లేకపోతే తగ్గింది 4 శాతమే. అంటే నడుస్తున్న కారులో కరెంటు ఎక్కువగా తినేది ఏసీ. దీన్ని ముందే లెక్కేసుకుని బయల్దేరవచ్చు, పెద్ద కష్టం కాదు. అసలు కష్టం కారు ఆగినచోట మొదలవుతుంది.

దారి పక్క పెట్రోలు బంకుల్లో ఫాస్ట్ చార్జరును ఎక్కడ పెడుతున్నారో గమనించండి. పెట్రోలు పోసేచోట విశాలమైన కప్పు ఉంటుంది. చార్జరు మాత్రం చాలాచోట్ల ఓ మూలన, ప్రహరీ పక్కన, బయలులో ఉంటుంది. మిట్టమధ్యాహ్నం దాని నల్లటి కేబులు పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది. అప్పటికే కారు గంటల తరబడి ఎండలో పరుగెత్తి వచ్చింది. తారురోడ్డు ఉపరితలం 60 డిగ్రీలు దాటడం మామూలే, బ్యాటరీ ఉండేదేమో సరిగ్గా ఆ రోడ్డుకు పైన, కారు అడుగున. గన్ తగిలించగానే బానెట్ కింద ఫ్యాను హోరెత్తుతుంది. లోపల పిల్లలుంటారు కాబట్టి ఏసీ ఆపలేరు. నీటితో బ్యాటరీని చల్లబరిచే ఏర్పాటున్న చాలా కార్లలో కంప్రెసరు ఒక్కటే, అదే మనుషులనూ చల్లబరచాలి, బ్యాటరీనీ చల్లబరచాలి. 50 కిలోవాట్లతో చార్జి చేస్తున్నప్పుడు అందులో రెండు మూడు శాతం వేడిగా మారినా చాలు, బ్యాటరీలో ఇండక్షన్ పొయ్యి వెలిగించి పెట్టినంత పని. కాసేపటికి తెర మీద 48 ఉన్న అంకె 40కి, ఆపైన ముప్పైలలోకి దిగుతుంది. అరగంట అనుకున్న పని ముప్పావుగంటకు, గంటకు సాగుతుంది. వెనక ఇంకో రెండు కార్లు వచ్చి ఆగుతాయి.

ఇలాంటప్పుడు అందరూ తిట్టేది చార్జరునే. చాలాసార్లు వేగం తగ్గించమని అడిగింది కారే. బ్యాటరీ వేడిని క్షణక్షణం చూసే వ్యవస్థ ఒకటి కారులో ఉంటుంది. వేడి హద్దు దాటుతోందని తోచగానే అది కరెంటును తగ్గిస్తుంది. అలా తగ్గించడం బ్యాటరీ మేలు కోసమే. చార్జరుకూ తన హద్దు తనకుంది. అందులోని ఎలక్ట్రానిక్ పరికరాలను ఫ్యాన్లు బయటి గాలితోనే చల్లబరుస్తాయి. ఆ గాలే సెగలా ఉంటే, ఎండకు కాలిన ఇనుప పెట్టె లోపలి పరికరాలు కూడా తమ ధాటిని తామే తగ్గించుకుంటాయి. ఫిల్టర్లకు దుమ్ము పట్టి ఉంటే ఆ పరిస్థితి మరీ త్వరగా వస్తుంది.

లిథియం అయాన్ సెల్‌కు హాయి అనిపించే వేడి ఇంచుమించు మనిషికి హాయి అనిపించేదే, 15 నుంచి 35 డిగ్రీల మధ్య. అందులోని గ్రాఫైట్ మీద మొదటి చార్జింగులోనే ఒక పలుచటి పొర ఏర్పడుతుంది. ఆ పొర ఉండాల్సిందే, అది లేకుంటే సెల్ నిలవదు. కానీ వేడి పెరిగేకొద్దీ అది మందమవుతూ కొంత లిథియంను తనలో కలిపేసుకుంటుంది. అలా పోయిన లిథియం ఇక తిరిగి పనికిరాదు. ప్రతి 10 డిగ్రీలకు ఈ క్షీణత వేగం ఇంచుమించు రెట్టింపవుతుందని ఇంజినీర్లు మోటుగా లెక్క కడతారు. బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు ఇది ఇంకా ఎక్కువ. అందుకే నూటికి నూరు నింపి నాలుగు రోజులు ఎండలో వదిలేసిన కారు, ఒక్క కిలోమీటరు తిరగకపోయినా ముసలిదవుతుంది. కొన్ని రకాల బ్యాటరీలను అప్పుడప్పుడు పూర్తిగా నింపమని కంపెనీలే చెబుతాయి. నింపాలంటే నింపండి, నింపిన వెంటనే బండి తీయండి.

ఎండ బ్యాటరీని ఎలా తినేస్తుందో ప్రపంచానికి తెలిపింది అమెరికాలో అరిజోనా ఎడారి నగరం ఫీనిక్స్. అక్కడ నిస్సాన్ లీఫ్ కార్లు కొన్నవాళ్లు 2012 వేసవిలో డ్యాష్‌బోర్డు మీద బ్యాటరీ సామర్థ్యం చూపే 12 గీతల్లో ఒక్కొక్కటే మాయమవడం గమనించారు. ఆ బ్యాటరీని నీటితో చల్లబరిచే ఏర్పాటు లేదు. అదే కాలంలో వచ్చిన షెవర్లే వోల్ట్ అనే ప్లగ్ ఇన్ కారులో ఆ ఏర్పాటు ఉంది. గొడవ కోర్టుకెక్కింది. చివరికి ఐదేళ్లలో, లేదా 60,000 మైళ్లలో సామర్థ్యం 9 గీతలకన్నా తగ్గితే బాగుచేసి ఇస్తామని కంపెనీ ఒప్పుకుంది. ఆ తర్వాత వేడికి మరింత తట్టుకునే బ్యాటరీని తెచ్చింది. ఎడారి ఊళ్లో కార్లు అమ్మి, కొన్నవాళ్ల డబ్బుతో పరీక్ష చేసినట్టయింది. మన దేశంలో అలా జరగకూడదు.

ఆ కాలంతో పోలిస్తే మన పరిస్థితి చాలా మెరుగు. టాటా నెక్సాన్ లాంటి కార్లలో నీటితో చల్లబరిచే ఏర్పాటు ఉంది, వేడికి బాగా ఓర్చుకునే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ ఉంది. అయితే సూరత్ ఎండ తీరు వేరు. 2016 మేలో అహ్మదాబాద్‌లో 48 డిగ్రీలు నమోదైంది. సముద్రం దగ్గరి సూరత్‌లో పగటి వేడి సాధారణంగా అంతకు వెళ్లదు, రాత్రి ఉక్కపోత మాత్రం వదలదు. బ్యాటరీ బరువు వందల కిలోలుంటుంది. అంత బరువైనది నెమ్మదిగా వేడెక్కుతుంది, ఇంకా నెమ్మదిగా చల్లారుతుంది. రాత్రి గాలి చల్లబడకపోతే పగలంతా పీల్చుకున్న వేడి దిగకముందే తెల్లారుతుంది. విజయవాడ, రాజమండ్రివాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

వేడి అందరి కార్లనూ ఒకేలా బాధించదు. సూరత్‌లోని వేసు, అడాజన్ అపార్ట్‌మెంట్ల సెల్లార్లలో కారు నీడనే పడుకుని నీడనే చార్జి అవుతుంది. ఇరుకు వీధిలో వరస ఇళ్లున్న కుటుంబం కారు గుమ్మం ముందే ఎండలో ఉంటుంది, ఇంట్లో చార్జింగుకు వీలు లేక బయటి ఫాస్ట్ చార్జరు మీదే ఆధారపడుతుంది. ఒకే కంపెనీ, ఒకే ధర, ఒకే వారంటీ. ఐదేళ్ల తర్వాత అమ్మబోతే రెండు బ్యాటరీల విలువ ఒకటి కాదు. ఉన్నవాడి కారు నీడలో, లేనివాడి కారు ఎండలో ఉన్నంతకాలం ప్రభుత్వమిచ్చే రాయితీ కూడా సమానంగా అందినట్టు కాదు.

మంటల భయం గురించి కూడా చెప్పాలి. 2022 ఏప్రిల్‌లో విజయవాడ, నిజామాబాద్ ఇళ్లలో స్కూటర్ల బ్యాటరీలు పేలి ప్రాణాలు పోయాయి. ఆ ఏడాది ప్రమాదాలపై కేంద్రం వేసిన నిపుణుల సంఘం సెల్స్‌లో, బ్యాటరీ నిర్మాణంలో లోపాలను ఎత్తిచూపింది. ఆ తర్వాతే ఏఐఎస్ 156, ఏఐఎస్ 038 ప్రమాణాలను కఠినం చేశారు. మంచి సెల్ 45 డిగ్రీల ఎండకు దానంతటది అంటుకోదు. ఎండ వల్ల జరిగేది నెమ్మదైన నష్టం. అందుకే అది వార్తల్లోకి ఎక్కదు.

కేంద్ర విద్యుత్ శాఖ 2024 మార్గదర్శకాల ప్రకారం ఉదయం 9 నుంచి సాయంత్రం 4 వరకు చార్జింగ్ కేంద్రాలకు కరెంటును సగటు సరఫరా వ్యయంలో 0.7 వంతుకు ఇవ్వాలి, మిగతా వేళల్లో 1.3 రెట్లు వసూలు చేయాలి. సౌర విద్యుత్తు దండిగా ఉండే వేళకు చార్జింగును మళ్లించాలన్నది ఉద్దేశం. ఇది సరైన విధానమే, రాత్రి బొగ్గు కాల్చి కార్లు నింపడం కంటే ఎంతో నయం. కానీ అవి ఎండ మండే గంటలు కూడా. మధ్యాహ్నం రమ్మని ధర తగ్గించి పిలుస్తున్నప్పుడు, వచ్చినవాడికి నీడ చూపాలి కదా. పైన సౌర పలకలతో కప్పు వేస్తే కరెంటూ అక్కడే పుడుతుంది, నీడా అక్కడే పడుతుంది.

దీనికి నమూనా కోసం సూరత్ మరో ఊరు వెళ్లనక్కర్లేదు. హైదరాబాద్‌లోని ఒలెక్ట్రా తయారుచేసిన ఎలక్ట్రిక్ బస్సులు ఆ నగర రోడ్ల మీద తిరుగుతున్నాయి. అల్థాన్‌లో నగరపాలక సంస్థ జర్మనీ అభివృద్ధి సంస్థ జీఐజెడ్ సహకారంతో 2025లో సిద్ధం చేసిన బస్ డిపోకు 100 కిలోవాట్ల సౌర పలకల కప్పు ఉంది. పగలు మిగిలిన కరెంటును దాచడానికి 224 కిలోవాట్ అవర్ల నిల్వ పెట్టారు. ఆ నిల్వలో ఉన్నవి ఒకసారి వాహనాల్లో వాడేసిన బ్యాటరీలు. బండికి పనికిరాదని తీసేసిన బ్యాటరీకి ఇక్కడ రెండో జన్మ దొరికింది. ఎండకు ముందే చితికిపోయిన బ్యాటరీకి ఆ రెండో జన్మ దక్కదు. నీడ విలువను ఈ కోణంలోంచి కూడా లెక్కగట్టాలి.

బస్సులకు చేసింది కార్లకు చేయలేరా? 1994లో ప్లేగు వచ్చి జనం ఊరొదిలి పారిపోయిన నగరం, కమిషనర్ ఎస్.ఆర్. రావు హయాంలో రెండేళ్లలో శుభ్రతకు మారుపేరైంది. 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఇండోర్‌తో కలిసి మొదటి స్థానంలో నిలిచింది. విద్యుత్ వాహనాలకు 2021లోనే సొంత విధానం రాసుకుంది కూడా. అలాంటి కార్పొరేషన్ చార్జింగ్ కేంద్రాలకు స్థలమిచ్చేటప్పుడు కప్పు వేయాలని టెండరులోనే షరతు పెట్టగలదు. ఖర్చు పెరుగుతుందంటారు, నిజమే. సౌర పలకలు ఆ ఖర్చులో కొంత తిరిగి రాబడతాయి. వేసవి మధ్యాహ్నాల్లో చార్జరు నిండు ధాటితో పనిచేస్తే, అదే యంత్రం రోజుకు మరికొన్ని కార్లను పంపించగలదు. స్థలం బొత్తిగా లేనిచోట కనీసం రేకుల షెడ్డయినా వేయాలి.

కార్ల కంపెనీలు చేయాల్సిందీ ఉంది. ఎనిమిదేళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ అని ప్రకటనలో పెద్దక్షరాలతో వేస్తారు. బ్యాటరీలో ఇంకా ఎంత సత్తువ మిగిలిందో ఏటా సర్వీసింగులో కాగితం మీద రాసివ్వాలి. ఐరోపా సమాఖ్యలో 2027 ఫిబ్రవరి నుంచి ప్రతి విద్యుత్ వాహన బ్యాటరీకీ డిజిటల్ పాస్‌పోర్టు తప్పనిసరి కానుంది. ఎండదేశంలో ఆ సమాచారం అవసరం అంతకంటే ఎక్కువ. సెకండ్‌హ్యాండ్ కారు కొనే చిన్న ఉద్యోగికి మొదటి యజమాని కారును నీడలో ఉంచాడా ఎండలో ఉంచాడా అన్నది ఇంకెలా తెలుస్తుంది?

తెలంగాణ మాటకొస్తే, 2026 డిసెంబరు 31 వరకు విద్యుత్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ చేసింది. వేసవిలో రామగుండం, నిజామాబాద్, కొత్తగూడెం వైపు వెళ్లే కొత్త కార్లు పెరుగుతాయి. ఇదే రాష్ట్రం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చి ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు, 600 చదరపు గజాలు, ఆపై స్థలంలో కట్టే ఇళ్లకు వేడిని తిప్పికొట్టే పైకప్పులు తప్పనిసరి చేసింది. చార్జింగ్ కేంద్రాలనూ ఆ జాబితాలో చేర్చాలి. కొత్త కేంద్రాలకు అనుమతి ఇచ్చేటప్పుడే చేరిస్తే, తర్వాత తవ్వి స్తంభాలు పాతే ఖర్చు తప్పుతుంది.