బాటరీని త్రాగిన దొంగ



ప్రతిమాసమును ఈ పుటలో వంటయింటి సంగతులను, పసిపిల్లల పోషణమును, పండుగ పనులను గూర్చి ముచ్చటించుచుంటిని. ఈ మాసమున కారు బాటరీని గూర్చి వ్రాయబూనితిననిన మీలో కొందరు నవ్వుదురేమో! నవ్వినను సరియే. కారు మగవారి సొత్తని మనమనుకొన్నను, అది వేళకు కదలకున్నచో ఇంట నెవరి గుండె ముందుగా కొట్టుకొనునో మీకు తెలియనిది కాదు. అదియును గాక, ఈ వ్యవహారమున నేనొక తప్పు చేసితిని. అది యంత్రము విషయమున జరిగినది కాదు, మనిషి విషయమున జరిగినది. దానిని చెప్పుకొనుటయే ఈ వ్రాతకు ముఖ్యోద్దేశము.

మా యూరు ఏన్కూరు. ఖమ్మమునుండి వైరా, తల్లాడల మీదుగా కొత్తగూడెమునకు పోవు దారిలో, అడవి యంచున నున్నది. మావారు బడిలో ఉపాధ్యాయులు. మా అత్తగారికి మూత్రపిండములు చెడిపోయి రెండేండ్లయినది. సోమ, బుధ, శుక్రవారములందు ఆమెను ఖమ్మమునకు డయాలిసిస్ కొరకు తీసికొనిపోవలెను. తెల్లవారుజామున అయిదు గంటలకు ఇల్లు కదలినగాని ఆమె వంతు అందదు. ఒక్కమారు తప్పినచో ఒంట నీరు నిలిచి ఆయాసము వచ్చును. రక్తమున పొటాసియము పెరిగినచో గుండెకే ముప్పు. ఇందుకొరకే అప్పుచేసి యొక పాత చిన్నకారును కొంటిమి. మావారికి బడి యుండుటచే, మా యింట నుండి చదువుకొనుచున్న మా ఆడబిడ్డ కుమారుడు, ఇరువదియేండ్లవాడు, దానిని నడుపుచుండెను.

గడచిన వేసవిలో ఒక బుధవారమున, ఇంకను చీకటి వీడకమునుపు, పిల్లవాడు తాళపుచెవి త్రిప్పగా కారు టకటకమని ఊరకుండెను. దీపములు మిణుకుమిణుకుమని ఆరిపోయెను. ప్రక్కయింటివారి ట్రాక్టరు బాటరీనుండి తీగెలు తగిలించి ఎట్లో బయలుదేరదీసితిమి. ఆలస్యముగా చేరుటచే అత్తగారి వంతు వెనుకకు పోయి, మధ్యాహ్నము వరకు ఆమె ఆయాసముతో బల్లమీద కూర్చుండవలసివచ్చెను.

బాటరీ నాలుగేండ్లది, ముసలిదైనది కాబోలునని దుకాణమునకు పోగా, దుకాణదారు దానిని పరీక్షింపకయే క్రొత్తదానిని అమ్మెను. నాలుగువేల రూపాయలకు పైగా చెల్లించితిమి. వారము తిరుగకమునుపే ఆ క్రొత్తదియు చచ్చెను! దానికి మరల శక్తి నెక్కించితిమి. బడి సెలవులలో మావారు స్వయముగా నడిపిన దినములలో కారు ఒక్కమారైనను మొరాయింపలేదు. పిల్లవాడు మరల నడిపిన రెండవనాటికే యథాప్రకారము నిర్జీవమై పడియుండెను.

ఇక నాకు సందేహము లేకపోయెను. "రాత్రివేళ కారులో కూర్చుండి పాటలు వినుచు, దీపమో మరియేదియో ఆర్పక వచ్చియుందువు. నీ అజాగ్రత్త మీ అమ్మమ్మ ప్రాణము మీదికి వచ్చినది" అని ఇరుగుపొరుగువారు వినుచుండగనే అంటిని. వాడు "లేదత్తయ్యా" అను నొక్కమాట మాత్రమే పలికి, తాళపుచెవిని మేకునకు తగిలించి లోపలికి పోయెను. నాటినుండి వాడు నా ముఖము చూచి మాటలాడలేదు. కంచమున నన్నము సగము మిగులుచుండెను.

నా చిన్ననాట మా తండ్రిగారు ఇంటనే నాకు కావ్యములతోపాటు అన్నంభట్టుని తర్కసంగ్రహమును చెప్పియుండిరి. అందులో ఉపాధి యను విషయమొకటి కలదు. పొగ యున్నచోట నిప్పుండును. కాని నిప్పున్న ప్రతిచోటను పొగ యుండదు. కట్టెలు పచ్చివైనప్పుడే పొగ లేచును. ఆ పచ్చికట్టెయే ఉపాధి. దానిని చూడక నిప్పునే పొగకు కారణమనువాడు పొరబడును. ఈ పాఠము వల్లించిన నేనే, పిల్లవాడు నడిపిన దినము, బాటరీ చచ్చిన దినము, ఈ రెంటిని జతచేసి తీర్పు చెప్పివేసితిని! నడుమ పచ్చికట్టె యేదైన నున్నదేమోయని వెదుకనైతిని.

వెదుకునట్లు చేసినది మా అత్తగారు. ఆదివారము నాటి సాయంకాలము మావారు, పిల్లలకు విద్యుత్పాఠము చెప్పుటకై కొనియుంచుకొన్న మల్టీమీటరును తీసికొని కారు ముందట కూర్చుండిరి. నేను దీపము పట్టుకొంటిని. కారు బాటరీలో సీసపు పలకలు, గంధకికామ్లము కలిసిన నీరు ఉండును. 1859లో ఫ్రాన్సు దేశీయుడు గాస్టన్ ప్లాంటే కనిపెట్టిన విధమే నేటికిని మూలము. ఆరు గదులు, ఒక్కొక్క గదికి రెండు వోల్టులకు కొంచెము పైగా. వెరసి పండ్రెండు వోల్టుల బాటరీ. కారు కొన్నిగంటలు ఊరకయున్న పిమ్మట కొలిచినచో నిండు బాటరీ 12.6 వోల్టులు చూపును, 12.0 చూపినచో దాదాపు అడుగంటినదని యర్థము. మాది నింపిన పిమ్మట 12.6 చూపెను. ఇంజను నడుచుచుండగా 14.2 చూపెను, అనగా బాటరీని మరల నింపు ఆల్టర్నేటరు సరిగానే యున్నది. కడవ మంచిదే, నీరు పోయు చేయియు మంచిదే. ఇక మిగిలినది చిల్లి.

కారు ఆపిన పిమ్మటను గడియారము మొదలగు వానికై కొలదిపాటి విద్యుత్తు ఖర్చగుచునే యుండును. అది సాధారణముగా 0.05 ఆంపియరునకు మించరాదు. దీనిని కొలుచుటకు తాళపుచెవి తీసి దూరముగా పెట్టి, బాటరీయొక్క ఋణధ్రువమునుండి తీగె నూడదీసి, ఆ తీగెకును ధ్రువమునకును నడుమ మీటరును పది ఆంపియర్ల కొలతపై నుంచవలెను. అరగంట ఓపిక పట్టవలెను. ఏలయన, నేటి కార్లలోని చిన్న చిన్న కంప్యూటర్లు నిద్రపోవుటకు కొంతసేపు పట్టును. మీటరు తగిలియున్నంతసేపు కారును నడుపబోరాదు, మీటరు కాలిపోవును.

అరగంటకు మీటరు 0.02 చూపెను. దోషమే లేదు! మావారు నిట్టూర్చిరి. నేనైతే, నా అనుమానమే నిజమైనదని లోలోపల గర్వించితినని సిగ్గుతో ఒప్పుకొనుచున్నాను.

అప్పుడు అరుగుమీద కూర్చున్న అత్తగారు, "అబ్బాయీ, నీవు నన్ను తీసికొనిపోవునప్పుడు అద్దములు దించి వేడిగాలిలో తెత్తువు. వాడు తెచ్చునప్పుడు ఎండకు నేను తాళలేనని చల్లగాలి పెట్టును. నీకును వానికిని నాకు కనబడిన భేదమిదియొక్కటే" అనిరి.

నా చేతిలోని దీపము వణకినది. పచ్చికట్టె దొరికినది!

వెంటనే ఏ.సి. వేసి ఊరిబయట వరకు పోయి వచ్చి, కారు నాపి, మరల మీటరు తగిలించితిమి. మొదటిమారు 0.02 మాత్రమే. రెండవమారును అంతియే. మూడవమారు పోయివచ్చినప్పుడు, అరగంట గడచిన పిమ్మట, మీటరు 3.4 చూపెను. మా బాటరీలో పట్టునది 35 ఆంపియర్-గంటలు. ఈ లెక్కన పది గంటలలో నిండు బాటరీ ఖాళీ యగును. సోమవారము మధ్యాహ్నము ఇల్లు చేరిన కారు బుధవారము తెల్లవారుజామునకు చచ్చియుండుటలో వింతయేమి?

ఇక చిల్లి యెక్కడనో తెలియవలెను. ఏది యుండగా కార్యముండునో, ఏది లేకున్న కార్యము లేకుండునో, అదియే కారణమని శాస్త్రము చెప్పును. దీనికే అన్వయవ్యతిరేకములని పేరు. ఆ విధముననే ఫ్యూజులను ఒక్కొక్కదానిని ఊడదీయుచు, మీటరు చూచి, మరల దాని చోటనే పెట్టుచు వచ్చితిమి. దీపముల ఫ్యూజు తీసితిమి; 3.4. పాటలపెట్టె ఫ్యూజు తీసితిమి; 3.4. నేను పిల్లవానిని నిందించినది ఈ రెంటికే! ఏ.సి. కంప్రెసరు ఫ్యూజు తీయగనే అంకె 0.02కు పడిపోయెను. ఆ ఫ్యూజును మరల పెట్టి, దాని ప్రక్కనున్న రిలే యను నల్లని చిన్న డబ్బీని లాగగా, అప్పుడును 0.02. ఆ డబ్బీ చేతికి వెచ్చగా తగిలెను.

రిలే యనగా అంచె. పూర్వము దారిలో అలసిన గుర్రములను విడిచి క్రొత్త గుర్రములను పూన్చెడి అంచెలుండెడివి గదా, ఆంగ్లమున ఆ మాటయే దీనికిని పేరైనది. 1835లో జోసెఫ్ హెన్రీ యను అమెరికా శాస్త్రజ్ఞుడు నిర్మించిన దానినుండి నేటి కారులోని రిలే వరకు సూత్రమొక్కటియే. లోపల సన్నని రాగితీగె చుట్టిన యొక చుట్ట యుండును. మనము మీట నొక్కగా దానిలో స్వల్పమైన విద్యుత్తు పారి, అది అయస్కాంతమై యొక లోహపు రేకును లాగును. ఆ రేకు అంటుకొనగా పెద్ద విద్యుత్తునకు దారి తెరచుకొనును. మీట విడువగనే చిన్న స్ప్రింగు ఆ రేకును వెనుకకు లాగి దారి మూయును. గృహిణి సైగచేయగా గాదె తలుపు తీసి, మరల సైగచేయగా మూయు కాపలావాని వంటిదన్నమాట.

ఏండ్ల తరబడి తెరచి మూయుచుండగా, ఆ రేకు మొనలయొద్ద చిన్న నిప్పురవ్వలు లేచి లోహము కాలి గరుకెక్కును. ఒక్కొక్కప్పుడు రెండు మొనలు కరగి యతుకుకొనిపోవును. అప్పుడు మీట విడిచినను, తాళము తీసినను, దారి మూతపడదు. మా కారులో ఆ దారికి బాటరీనుండియే నేరుగా తీగె యున్నది. అందుచే కంప్రెసరు క్లచ్చిలోని అయస్కాంతము రాత్రియంతయు విద్యుత్తును త్రాగుచుండెను. ఇంజను నడువదు గనుక చప్పుడు లేదు, వెలుగు లేదు, చలువ లేదు. ఇట్టి దొంగను ఎవరు కనిపెట్టగలరు? అతుకు ఒక్కొక్కమారు పడి, ఒక్కొక్కమారు పడకుండుటచే మొదటి పరీక్షలో దొరకలేదు.

రుజువు కొరకు మరియొక పనిచేసితిమి. హారను రిలేయు అదే ఆకారము, అవే అంకెలు గలది. ఏ.సి. రిలేను తీసి హారను స్థానమున పెట్టి, బాటరీ తీగె తగిలింపగనే, ఎవరును నొక్కకయే హారను గొంతెత్తి యరచెను! వీధిలోని కుక్కలన్నియు బదులు పలికెను. పొరుగువారు పరుగున వచ్చిరి. మావారు తీగె లాగివేసిన పిమ్మటగాని అది యూరకుండలేదు.

పొరుగువారు వచ్చుటయు మంచిదే యైనది. వారు వినుచుండగా నిందించితిని గనుక, వారు వినుచుండగనే పిల్లవానిని పిలిచి, "నాయనా, నీయందు దోషము లేదు. నేను పరీక్షింపక పలికితిని. మనసులో పెట్టుకొనకుము" అంటిని. వాడు తల వంచుకొని, "అమ్మమ్మకు ఎండ తగులునని వేసితినత్తయ్యా. అదియే కారణమని తెలిసినచో అప్పుడే మానియుందును గదా" అనెను. ముసలామెకు చలువ కూర్చినందులకు వాడు నాచేత తిట్లు తినెను! ఆ రాత్రి వానికి నేనే వడ్డించితిని. కంచమున మెతుకు మిగులలేదు.

క్రొత్త రిలేకు కొన్ని వందల రూపాయలు మాత్రమే యైనది. మేము దుకాణమున వదలివచ్చిన పాత బాటరీ ఇంకను కొంతకాలము పనిచేసియుండునేమో! క్రొత్తదియు పలుమారులు అడుగంటుటచే కొంత ఆయువు కోల్పోయియుండును; సీసపు బాటరీకి పూర్తిగా ఖాళీయగుట గిట్టదు.

మీ యింట నిట్టి చిక్కు వచ్చినచో ఈ క్రింది జాగ్రత్తలు మరువకుడు.

బాటరీని ముట్టకమునుపు గాజులు, ఉంగరములు తీసివేసి, మంగళసూత్రమును రవికె లోపలికి వేసికొనుడు. బంగారము ధ్రువములకు అడ్డుపడినచో క్షణములో ఎఱ్ఱగా కాలి చర్మమును మాడ్చును. బాటరీనుండి హైడ్రోజను వాయువు వెలువడును గనుక దగ్గర నిప్పు, బీడీ పనికిరావు. తీగెలు విప్పునప్పుడు ఋణధ్రువము ముందు, తగిలించునప్పుడు అదియే చివర. ఆమ్లము చర్మమున పడినచో చాలసేపు ధారగా నీళ్ళు పోయుడు; కంట పడినచో కడుగుచునే వైద్యునికొరకు పంపుడు. చెడిన బాటరీని పెరటిలో పడవేయకుడు, సీసము కరగించువారికి అమ్మకుడు. సీసము పసిపిల్లల బుద్ధిని చెఱచు విషము. 2022లో వచ్చిన బాటరీ వ్యర్థముల నిబంధనలనుబట్టి పాత బాటరీని తిరిగి తీసికొను బాధ్యత తయారుచేసినవారిది. కావున దుకాణముననే అప్పగింపుడు.

బాటరీ చచ్చినదనగనే క్రొత్తదానిని కొనకుడు. ముందు దానిని నింపి కొలిపింపుడు, పిదప ఆల్టర్నేటరును, పిదప ఆపిన కారు త్రాగు విద్యుత్తును. చేతకానిచో మెకానిక్కు దగ్గర నిలిచి, ఈ మూడును కొలిచినావా నాయనా యని యడుగుడు. ఏ దినమున ఎవరు నడిపిరి, ఏమేమి వేసిరి, ఎప్పుడు చెడినది యను లెక్కను పాలలెక్క వలె గోడమీద వ్రాసియుంచుడు. మేము అట్లు వ్రాసియున్నచో మొదటి వారముననే ఏ.సి. సంగతి కనబడియుండెడిది.

ఇంట నేదైన చెడినప్పుడు మన కన్ను ముందుగా పడునది ఇంటిలోని చిన్నవారిమీదనే; ఎదురు చెప్పలేని వారిమీదనే. యంత్రమును కొలుచుటకు మీటరు దొరకును. మాట తగిలిన మనసును కొలుచుటకు ఏ మీటరును లేదు. కావున మాట విడువకమునుపు, నడుమ పచ్చికట్టె యేదైన నున్నదేమో చూడుడని నా మనవి.

ఇప్పుడు సోమ, బుధ, శుక్రవారములందు కారు వేళకు కదలుచున్నది. తిరిగివచ్చునప్పుడు మా అత్తగారికి చల్లగాలి యుండనే యున్నది.

ఇట్లు,
ఏన్కూరునుండి మీ సోదరి