వారసుల జాబితాలో అమ్మాయి పేరేది?

మా బాబాయి పోయిన నాలుగో నెలలో పిన్ని బ్యాంకుకి వెళ్లింది. ఆయన డిపాజిట్లకి నామినీ లేరు. కోర్టు నుంచి వారసత్వ ధ్రువపత్రం, అదే సక్సెషన్ సర్టిఫికెట్, తెమ్మన్నారట. లాయరుకివ్వడానికి పెద్దబ్బాయి వారసుల పేర్లు రాసి తెచ్చాడు. అమ్మ, తను, తమ్ముడు. అంతే! పెళ్లయి నిజామాబాదులో ఉన్న చెల్లెలి పేరు లేదు. పక్క గదిలో మంచం మీదున్న నాయనమ్మ పేరూ లేదు.

"చెల్లికి పెళ్లప్పుడే ఇచ్చేశాం కదక్కా" అన్నాడు నాతో. నాయనమ్మ సంగతి అతనికి తట్టనే లేదు. కుర్రాడు చెడ్డవాడేం కాదు సుమండీ. మన ఇళ్లల్లో లెక్కే అలా అలవాటైపోయింది.

చట్టం లెక్క వేరు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం మగమనిషి వీలునామా రాయకుండా పోతే, ఆయన స్వార్జితానికి భార్య, కొడుకులు, కూతుళ్లు, తల్లి అందరూ మొదటి తరగతి వారసులే. వాటాలూ సమానమే. అంటే బాబాయి డబ్బు ఐదు భాగాలు కావాలి, మూడు కాదు. పెళ్లిలో పెట్టిన సొమ్ము ఈ వాటాలో తీసివేత కాదు. క్రైస్తవులకీ, ముస్లింలకీ వాటాల లెక్క వేరుగా ఉంటుంది గానీ, అక్కడా కూతుర్ని వారసురాలు కాదనడానికి వీల్లేదు.

"నా పెళ్లి 1985కి ముందే అయింది, నాకు రాదట కదా?" అని అడిగేవాళ్లు ఇప్పటికీ ఎదురవుతారు. ఆ పట్టింపు మన రాష్ట్ర సవరణలో ఉమ్మడి కుటుంబ ఆస్తికి పెట్టింది. తండ్రి స్వార్జితానికి అది ఏనాడూ లేదు. ఉమ్మడి ఆస్తి విషయంలోనూ 2005లో కేంద్రం కూతుర్ని కొడుకుతో సమానం చేసింది. ఆనాటికి తండ్రి బతికి ఉండనక్కర్లేదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. అయితే 2004 డిసెంబరు 20కి ముందే పద్ధతిగా జరిగిపోయిన పంపకాలను తిరగదోడటం కుదరదు.

ఇక కోర్టు సంగతి. జడ్జిగారు ఇంటింటికీ తిరిగి వారసుల్ని వెతకరు. దగ్గరి బంధువుల పేర్లు, చిరునామాలు పిటిషన్‌లో మనమే రాయాలి. వాళ్లకు నోటీసులు వెళతాయి, మామూలుగా పేపర్లో ప్రకటన కూడా వేయిస్తారు. ఆ చిన్నక్షరాల ప్రకటనలు మనం చదువుతామా? ఆ పేజీ పప్పు డబ్బా అడుగుకి పోతుంది! పేరు దాచి సర్టిఫికెట్ తెచ్చుకున్నారని రుజువైతే కోర్టు దాన్ని రద్దు చేయగలదు. రద్దు చేయకపోయినా, డబ్బు తీసుకున్నవారు మిగతా వారసులకి లెక్క చెప్పాల్సిందే. ఆ కాగితం డబ్బు వసూలు చేసుకోవడానికే గానీ, సొంతం చేసుకోవడానికి కాదు.

చెల్లెలు తన వాటా వద్దనుకుంటే అది ఆమె ఇష్టం. కానీ ముందు ఆమెకి చెప్పాలిగా!

ఆ రాత్రే నిజామాబాదుకి ఫోన్ చేశాను. "నాన్నకి డిపాజిట్లున్నాయా?" అంది అమ్మాయి. మర్నాడు పెద్దబ్బాయి కాస్త ముఖం ముడుచుకునే ఐదు పేర్లూ రాసిచ్చాడు. పిటిషన్ ఇంకా నడుస్తోంది.