ఒకే ఒరలో రెండు బేస్‌లా?

టెక్ హౌస్ అంటే హౌస్ సంగీతపు ఊపు, టెక్నోలోని గరుకుదనం కలిసిన బాణీ. వేగం సాధారణంగా నిమిషానికి 125 నుంచి 128 బీట్లు. 2018లో వచ్చిన ఫిషర్ ట్రాక్ ‘లూజింగ్ ఇట్’ లాంటిది పడితే డ్యాన్స్ ఫ్లోర్ ఊగిపోతుంది. మరి అలాంటిదాన్ని మిక్స్‌లోకి ఎలా తేవాలి?

సింక్ బటన్ నొక్కితే వేగాలు కలుస్తాయి. ఎప్పుడు వదలాలో మాత్రం అది చెప్పదు. నేనైతే కొత్త ట్రాక్ బేస్ పూర్తిగా తగ్గించి, పాతదాంట్లో 32 బీట్ల వరస మొదలయ్యే చోట వదులుతాను. ఆ వరస నడిచేది దాదాపు 15 సెకన్లు. అప్పటిదాకా పైన హై హ్యాట్లు, క్లాప్‌లే కలుస్తాయి. తర్వాతి వరస మొదటి బీట్‌కి పాతదాని బేస్ తీసేసి, కొత్తదాని బేస్ ఇస్తాను. రెండూ ఒకేసారి మోగాయా... ఒకే ఒరలో రెండు కత్తులే! కిక్ స్పష్టంగా వినపడదు, అడుగులు తడబడతాయి.

ఇంకో మాట. కొందరు కుర్ర డీజేలు మొదటి అరగంటలోనే ఇలాంటివన్నీ వాయించేస్తారు. వారమంతా పనిచేసి వచ్చినవాళ్ల కాళ్లలో సత్తువకీ ఓ లెక్కుంటుంది కదా! దాన్ని ముందే పిండేస్తే చివరి గంటకి మిగిలేది ఖాళీ ఫ్లోరే. మీ తర్వాత ఎక్కే డీజేకీ అదే దక్కుతుంది. చేతిలో మంచి ట్రాక్ ఉన్నప్పుడు ఆగడం కష్టమే. కానీ జనం మళ్లీ రావాలంటే, ముందు నేర్చుకోవాల్సింది ఆగడమే.