ఇంటికంతటికీ ఒకే కాపలా

చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం చుట్టుపక్కల అద్దె గదుల్లో ఒకే వైఫైని అనేకమంది విద్యార్థులు పంచుకుంటారు. చదువు కోసం తెరిచిన ఫోనులోకి జూదం, అప్పుల ప్రకటనలు చొరబడుతుంటాయి. ఒక్కో ఫోనుకు విడిగా అడ్డుకట్ట అవసరం లేదు. పాత కంప్యూటర్‌లో డాకర్ కంటెయినర్‌గా ‘పై-హోల్’ను నడిపి, రౌటర్‌లో డీఎన్‌ఎస్‌గా దాని చిరునామానే ఇవ్వండి. నిషేధ జాబితాలోని సర్వర్ ఆచూకీ ఏ ఫోను అడిగినా అది చెప్పదు, ప్రకటన రాదు. వెర్షన్, 53వ పోర్టు, డేటా దాచే చోటు అన్నీ ఒకే కంపోజ్ ఫైలులో రాయండి. ఆ ఫైలు, డేటా నకలు భద్రంగా ఉంటే, యంత్రం చెడినా, నివాసం అశోక్‌నగర్ నుండి నారాయణగూడకు మారినా, ఒక్క ఆదేశంతో ఆ కంటెయినర్ తిరిగి నిలబడుతుంది. అయితే వీడియోల దారినే వచ్చే యూట్యూబ్ ప్రకటనలను ఇది ఆపలేదు. మొబైల్ డేటాకు మారిన ఫోనునూ కాపాడలేదు. అక్కడ పిల్లలకు పెద్దల తోడే అవసరం.